ట్రైనింగ్ పాటలో మాయమైన హాజరు పట్టీ

మన ఆటల సినిమాల్లో ఒక పాట తప్పకుండా ఉంటుంది. హీరో చీకటితో లేస్తాడు, పరిగెడతాడు, పడతాడు, లేస్తాడు, చెమట తుడుచుకుంటాడు, మళ్ళీ పరిగెడతాడు. మొదటి చరణంలో చేతకానివాడు రెండో చరణం అయ్యేసరికి ఆరితేరిపోతాడు. ‘తమ్ముడు’లో కార్లు చేతుల మీద నుంచి వెళ్ళిపోయే పాట చూసి పెరిగిన తరం మాది. ఆ పాట వస్తే ఇప్పటికీ కాళ్ళు ఊరుకోవు. కాదనను.

కానీ ఆ నాలుగైదు నిమిషాల్లో ఏం ఎగిరిపోతుందో ఎప్పుడైనా గమనించారా? నెలలు ఎగిరిపోతాయి. ఆ నెలల్లో హీరో బడికో కాలేజీకో వెళ్ళాలి కదా, అది ఎగిరిపోతుంది. యూనిట్ టెస్టులు, రికార్డు బుక్కులు, హాజరు శాతం, మధ్యాహ్నం క్లాసులో ముంచుకొచ్చే నిద్ర, బస్సు కోసం నిలబడ్డ గంట, అన్నీ పోతాయి. అంటే చదువుకుంటూ ఆడే పిల్లల జీవితంలో ముప్పాతిక భాగం ఆ పాట కిందే సమాధి అవుతుంది. మిగిలేది ఫైనల్ మ్యాచ్.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. చదువుకీ ఆటకీ మధ్య నలిగే పిల్లల కథ మనం ఇంకా చెప్పలేదు. చెప్పామనుకుంటున్న కథలన్నీ గెలుపు గురించినవి. నలిగేది గెలుపు దగ్గర కాదు, టైంటేబుల్ దగ్గర.

*

గత పాతికేళ్ళ తెలుగు ఆటల సినిమాల్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తే చదువు గొడవని తప్పించుకోవడానికి మూడు దారులు కనిపిస్తాయి.

ఒకటి, చదువు రానివాడి ఆట. ‘తమ్ముడు’ (1999) దీనికి మంచి ఉదాహరణ. సుభాష్‌కి చదువు అబ్బలేదు, నాన్న దృష్టిలో పనికిరానివాడు. అన్న ఆగిపోయిన చోట తను బరిలోకి దిగి గెలుస్తాడు, నాన్న మెచ్చుకుంటాడు. ఇక్కడ ఆటకీ చదువుకీ పోటీయే లేదు, ఎందుకంటే చదువు ముందే ఓడిపోయింది. ఆట అనేది తప్పినవాడికి దొరికిన సప్లిమెంటరీ పరీక్ష లాంటిదన్నమాట.

రెండు, చదువు దాటిపోయినవాడి ఆట. ‘జెర్సీ’ (2019) అర్జున్ వయసు ముప్ఫై ఆరు. అతని సమస్య హాల్ టికెట్ కాదు, కొడుకు అడిగిన 500 రూపాయల జెర్సీ. చాలా మంచి సినిమా అది. డబ్బు గురించి అంత నిజాయితీగా మాట్లాడిన ఆటల సినిమా మనకి ఇంకోటి లేదనే అనుకుంటాను. కానీ అర్జున్ పదహారేళ్ళప్పుడు ఎలా చదివాడో, క్రికెట్ కోసం ఏ పరీక్ష ఎగ్గొట్టాడో ఆ కథకి అక్కర్లేదు.

మూడు, నేల కోసం ఆట. ‘సై’ (2004)లో కాలేజీ స్థలం మీద కన్నేసిన రౌడీతో కుర్రాళ్ళు రగ్బీ ఆడతారు. ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’ (2021)లో యానాంలో హాకీ మైదానం పోకుండా ఆపాలి. ‘గోల్కొండ హైస్కూల్’ (2011)లో స్కూలు క్రికెట్ గ్రౌండు. ఈ సినిమాల్లో విద్యాసంస్థ ఉంటుంది, విద్యార్థులు ఉంటారు, ఆట ఉంటుంది, కానీ గొడవ మాత్రం భూమి తగాదా. తెలుగువాళ్ళకి రియల్ ఎస్టేట్ తెలిసినంతగా ఇంకేదీ తెలియదని నవ్వుకోవచ్చు. నిజానికి అది అంత నవ్వులాట విషయమూ కాదు. స్కూలు గ్రౌండు మీద బిల్డింగు లేచిపోవడం మనలో చాలామంది కళ్ళారా చూసిందే.

ఈ మూడు దారుల్లోనూ కనపడని మనిషి ఒకరున్నారు. చదువులో తప్పలేదు, చదువు దాటిపోలేదు, విలనూ లేడు. పొద్దున గ్రౌండుకి వెళ్ళాలి, తర్వాత బడికి వెళ్ళాలి, సాయంత్రం మళ్ళీ గ్రౌండుకి వెళ్ళాలి, రాత్రి హోంవర్క్ చెయ్యాలి. రేపూ అంతే. ఆ పిల్లకి సినిమా లేదు.

*

ఆ పిల్లకి అందరికంటే దగ్గరగా వచ్చింది ‘గోల్కొండ హైస్కూల్’. అందుకే దానితో కొంచెం గట్టిగానే పేచీ పెట్టుకోవాలనిపిస్తోంది.

ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ఈ సినిమాకి ఆధారం హరిమోహన్ పరువు ఇంగ్లీషులో రాసిన ‘ద మెన్ వితిన్’ నవల. రచయిత హైదరాబాద్ తరఫున రంజీ ఆడినవాడు, ఇంజినీరింగ్ కూడా చదివినవాడు. అంటే రెండు పడవల మీదా కాలు పెట్టిన అనుభవం ఉన్న మనిషి చెప్పిన కథ. స్కూలు ట్రస్టీ ఒకాయన గ్రౌండు తీసేసి అక్కడ ఐఐటీ కోచింగ్ సెంటర్ కట్టాలంటాడు. ప్రిన్సిపాల్ ఒప్పుకోడు. సంపత్ అనే కోచ్ వస్తాడు. జట్టు ఛాంపియన్‌షిప్ గెలిస్తే గ్రౌండు ఉంటుంది, లేకపోతే పోతుంది.

2011లో ఈ ఘర్షణని ఇంత సూటిగా పట్టుకోవడం చిన్న విషయం కాదు. ఒక పక్క గ్రౌండు, ఒక పక్క ఐఐటీ కోచింగ్. మధ్యతరగతి తెలుగు ఇంటి గుండెల్లో గుచ్చుకునే ప్రశ్న. పైగా పిల్లలు పిల్లల్లాగే ఉంటారు, ముదిరిపోయిన డైలాగులు కొట్టరు. తనికెళ్ళ భరణి ప్రిన్సిపాల్‌గా కుర్చీలో కూర్చుంటే మనకీ అలాంటి హెడ్‌మాస్టరు ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మరి నా పేచీ ఏంటంటే, ఆ షరతు. గెలిస్తే గ్రౌండు మీది. ఐఐటీ కోచింగ్‌ని మనం ఎందుకు తప్పుపడతాం? ర్యాంకు వచ్చినవాడే మనిషి, మిగతావాళ్ళు ఫీజు కట్టే కౌంటర్లు అని చూస్తుంది కాబట్టి. వేలమందిని కూర్చోబెట్టి పది ఫొటోలు హోర్డింగు మీద వేస్తుంది కాబట్టి. దాన్ని ఎదిరించే సినిమా తన వాదనని దేని మీద నిలబెట్టింది? ఫస్ట్ ర్యాంకు మీద! ఛాంపియన్‌షిప్ కప్పు అంటే ఇంకేంటి? జట్టు సెమీఫైనల్లో ఓడిపోయి ఉంటే కోచింగ్ బిల్డింగు న్యాయమైపోతుందా? అంత పరిగెత్తిన పిల్లలకి ఆ గ్రౌండు మీద హక్కు లేకుండా పోతుందా? సినిమా ఈ ప్రశ్న వెయ్యదు. వేస్తే కథ కూలిపోతుందని కాదు, వేస్తే కథ ఇంకా పెద్దదయ్యేది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూల్లో బడి భవనానికి ఉండాల్సిన వాటిల్లో తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీళ్ళతో పాటు ఆటస్థలం కూడా రాసి ఉంది. ఆటస్థలం మరుగుదొడ్డి లాంటిదని చట్టం అంటోంది. ఇంటర్-స్కూల్ టోర్నమెంటు గెలిస్తేనే మరుగుదొడ్లు ఉంచుతాం అని ఎవరూ అనరు కదా. చట్టం వచ్చిన రెండేళ్ళకే వచ్చిన ఒక మంచి సినిమా కూడా ఆటస్థలాన్ని బహుమతిగానే ఊహించగలిగింది. అది ఆ దర్శకుడి లోపం అనను. మన అందరి ఊహ అక్కడే ఆగిపోయింది. ఆట తన ఖర్చు తానే సంపాదించుకోవాలి, కప్పు రూపంలోనో, ఉద్యోగం రూపంలోనో, సీటు రూపంలోనో.

సీటు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2024-25 నుంచి మద్రాసు ఐఐటీ క్రీడాకారులకి వేరే సీట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బీటెక్, బీఎస్ కోర్సు ఒక్కోదానికి రెండేసి సీట్లు. ఐఐటీల్లో ఇదే మొదటిది. ఎవరికైనా సంతోషం కలిగించే కబురు. అయితే ఆ సీటు కావాలన్నా ముందు జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సంపాదించాలి. అంటే జాతీయ స్థాయిలో ఆడాలి, అడ్వాన్స్‌డూ దాటాలి. ‘గోల్కొండ హైస్కూల్’లో ఎదురెదురుగా నిలబడ్డ గ్రౌండూ కోచింగ్ సెంటరూ పదమూడేళ్ళ తర్వాత రాజీపడి, రెండూ కలిసి ఒకే పిల్లాడి భుజాల మీద ఎక్కి కూర్చున్నాయన్నమాట. నేను సీక్వెల్ రాయాల్సి వస్తే అక్కణ్ణించే మొదలుపెడతాను.

*

చదువుకునే ఆటగాళ్ళ గురించి ఎక్కడ చదివినా ‘బ్యాలెన్స్’ అనే మాట వస్తుంది. సమతూకం. టైం మేనేజ్‌మెంటు. ప్లానర్ పెట్టుకోండి, ఫోను పక్కన పెట్టండి, ముఖ్యమైనవి ముందు చెయ్యండి. మంచి సలహాలే. కానీ కాగితం మీద ఒక్క రోజు లెక్క వేసి చూడండి. నాలుగున్నరకి లేవాలి. ఐదుంబావుకి గ్రౌండులో ఉంటే ఏడున్నర దాకా ప్రాక్టీసు. ఎనిమిదిన్నరకి బడి, నాలుగున్నరకి విడుస్తారు. ఐదు నుంచి ఏడు దాకా మళ్ళీ ప్రాక్టీసు. ఇంటికొచ్చి స్నానం, అన్నం, ఎనిమిది నుంచి పది దాకా చదువు. పదికి పక్కమీద వాలిన క్షణమే నిద్రపడితే ఆరున్నర గంటలు. ఈ లెక్కలో ట్యూషన్ లేదు, జ్వరం లేదు, సైకిల్ పంక్చర్ లేదు, అమ్మానాన్నల గొడవ లేదు, ఆడపిల్లకి నెలకి మూడ్రోజుల కడుపునొప్పి లేదు. బస్సు ఇరవై నిమిషాలు లేటయితే మొత్తం పేకమేడలా కూలిపోతుంది. ఇలాంటి రోజుని పట్టుకుని ‘బ్యాలెన్స్ చేసుకో అమ్మా’ అనడం, తీగ మీద నడుస్తున్న పిల్లకి కింద నుంచి సలహా ఇవ్వడమే.

మరి చేసిన వాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళ కథల్ని కొంచెం దగ్గరగా చూడండి.

సైనా నెహ్వాల్ హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్ మొదలుపెట్టిన రోజుల గురించి ఆ కుటుంబం చాలాసార్లు చెప్పింది. తెల్లవారకముందే నాన్న స్కూటర్ మీద రాజేంద్రనగర్ నుంచి లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్ళేవాడు. పాప వెనక కూర్చుని నిద్రలోకి జారిపోయేది. పడిపోతుందేమోనని అమ్మ కూడా స్కూటర్ ఎక్కడం మొదలుపెట్టింది. ప్రాక్టీసు అయ్యాక బడి. సింధు సంగతీ అంతే. గచ్చిబౌలి అకాడమీకి రానూపోనూ రోజుకి 56 కిలోమీటర్లని పత్రికలు రాశాయి. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. ఆట అంటే ఏంటో, అది ఎంత మింగేస్తుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వీవీఎస్ లక్ష్మణ్ అమ్మానాన్నలు విజయవాడలో డాక్టర్లు. మెడిసినా క్రికెట్టా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అతను క్రికెట్‌ని ఎంచుకున్నాడు, ఇంట్లో వాళ్ళు కొన్నేళ్ళ గడువిచ్చారు. ఆ గడువు ఇవ్వగలగడమే అసలు ఆస్తి.

ఈ మూడింటిలోనూ తూకం చేసింది పిల్లలు కాదు, ఇల్లు. పిల్లల కాలంలో చాలనిదాన్ని పెద్దవాళ్ళు తమ కాలంలోంచి, తమ జీతంలోంచి, తమ ధైర్యంలోంచి తీసిచ్చారు. అమ్మానాన్నల మధ్య స్కూటర్ మీద కునుకు తీస్తున్న ఆ ఎనిమిదితొమ్మిదేళ్ళ పాపని మించిన దృశ్యం ఈ విషయంలో నాకు ఇంకోటి తట్టదు. ఒలింపిక్ పతకం ఆ దృశ్యం తర్వాత ఎప్పుడో వచ్చింది. దాని లోపల లేదు. ఆ పాప పతకం తేకపోయినా అమ్మ ఆ స్కూటర్ మీద అలాగే కూర్చుని ఉండేది. కథకి పనికొచ్చేది ఆ కూర్చోవడమే.

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట చాలామందిని గాయపరిచింది. డబ్బున్న ఇల్లయితేనో, కుటుంబ వ్యాపారం ఏదైనా ఉంటేనో తప్ప పిల్లల్ని ఆటల్లో వెయ్యొద్దని తల్లిదండ్రులకి తన సలహా అని ఆయన అన్నాడు. సైనానీ సింధునీ తీర్చిదిద్దిన కోచ్ ఇలా అనడమేంటని కోప్పడ్డారు. నాకు మాత్రం మన ఆటల కథలన్నిటి మీద వచ్చిన అతి కఠినమైన విమర్శ అదేననిపించింది. పతకాలు తెచ్చినవాళ్ళు ఎందరు, తేలేక ఏ ఉద్యోగమూ చేతికి రాక మిగిలిపోయినవాళ్ళు ఎందరు అని ఆయన రోజూ చూస్తున్నాడు. మనం పోడియం ఎక్కినవాళ్ళనే చూస్తున్నాం. ఆయన సలహాతో విభేదించవచ్చు, నేనూ విభేదిస్తాను. ఆట డబ్బున్నవాళ్ళ సొత్తు అని ఒప్పేసుకుంటే పోరాడ్డానికేమీ మిగలదు. కానీ ఆయన ఎవరి గురించి మాట్లాడుతున్నాడో ఆ మనుషులు మన కథల్లో ఎందుకు లేరన్న ప్రశ్నకి విభేదించడం జవాబు కాదు.

*

ఆ మనుషుల్లో ఒకామెని నేనెరుగుదును. పదో తరగతి దాకా కలిసి చదువుకున్నాం. ఖోఖోలో జిల్లా జట్టుకి ఆడింది, స్టేట్ మీట్‌కి కూడా వెళ్ళొచ్చింది. పోల్ దగ్గర ఆమె మలుపు తీసుకునే తీరు చూడ్డానికి మా పీఈటీ సారు మిగతా క్లాసుల పిల్లల్ని పిలుచుకొచ్చేవాడు. పదిలో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్‌కి ఓ పెద్ద కాలేజీలో చేర్పించారు. కాలేజీ అంటే అపార్ట్‌మెంటు లాంటి బిల్డింగు, కింద షట్టరు. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నరకి చివరి స్టడీ అవర్. దసరా సెలవుల్లో కలిసినప్పుడు ఆట మానేశావా అని అడిగాను. ‘మానలేదురా, టైం లేదంతే’ అంది.

అప్పట్నుంచీ ఆ వాక్యం నాతోనే ఉంది. మానలేదు, టైం లేదు. ఆమె ఓడిపోలేదు. గాయపడలేదు. ఎవరూ వద్దనలేదు. నాన్న బ్యాటు విరగ్గొట్టే సీను జరగలేదు. ‘మానేశాను’ అనడానికి ఒక రోజు, ఒక నిర్ణయం ఉండాలి కదా, అదీ లేదు. ఒక సోమవారం వెళ్ళలేదు, తర్వాతి సోమవారమూ వెళ్ళలేదు. తనకి జరిగినదాన్ని చెప్పడానికి ఆమె దగ్గర క్రియాపదం లేదు. ఎందుకు లేదంటే మనం ఇవ్వలేదు. మన ఆటల కథలు గెలవడం, ఓడిపోవడం, తిరిగి లేవడం అనే మూడు క్రియల్నే నేర్పాయి. మెల్లగా జారిపోవడం అనే నాలుగోది నేర్పలేదు. మనలో ఎక్కువమందికి జరిగింది ఆ నాలుగోదే.

‘డియర్ కామ్రేడ్’ (2019) ఈ నాలుగో క్రియ దాకా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. రాష్ట్ర స్థాయిలో ఆడే లిల్లీ క్రికెట్ వదిలేస్తుంది, ఎందుకు వదిలేసిందన్నదే ద్వితీయార్ధమంతా. ఒక అమ్మాయి ఆట మానెయ్యడాన్ని ఇంత సీరియస్‌గా తీసుకున్న తెలుగు సినిమా అరుదు. ఆ కారణం, సెలక్షన్ అధికారి వేధింపు, నిజ జీవితంలో ఉన్నదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడ్డం నా ఉద్దేశం కాదు. కానీ దానికి ఒక ముఖం ఉంది. ఆ ముఖాన్ని నలుగురి ముందు నిలబెట్టి నిలదీయవచ్చు. టైంటేబుల్‌కి ముఖం లేదు. స్టడీ అవర్ ఎవరిని వేధించింది? మ్యాథ్స్ సారు గేమ్స్ పీరియడ్ తీసుకుంటే ఆయన విలనా? సిలబస్ అవ్వట్లేదని ఆయన బాధ ఆయనది. రాత్రి పూట గ్రౌండు నుంచి ఆడపిల్ల ఒంటరిగా రావడానికి భయపడే నాన్న విలనా? వీళ్ళందరూ మంచివాళ్ళే. మంచివాళ్ళందరూ కలిసి ఒక పిల్ల ఆటని ఎలా మానిపిస్తారో చెప్పడమే అసలైన కష్టం. సినిమాకి అది చేతకాకపోతే అర్థం చేసుకోగలను. ముఖం లేనిదాన్ని కెమెరా పట్టుకోలేదు. కథ పట్టుకోగలదు కదా?

నేను చదివినంతలో మన కథల్లో ఆటలు రెండు రకాలుగానే వస్తాయి. ఒకటి జ్ఞాపకంగా. గోళీలు, కర్రాబిళ్ళ, బావిలో ఈత, ఎండాకాలం సెలవులు. పెద్దయ్యాక తలుచుకుని తలుచుకుని రాసినవి, తియ్యగా ఉంటాయి. రెండోది పోలికగా. జీవితం ఒక ఆట, విధి ఒక ఆట, రాజకీయం ఒక ఆట. ఆటని ఒక పనిగా, రోజూ చెయ్యాల్సిన చాకిరీగా, ఒంటిని కొంచెం కొంచెంగా మలుచుకునే విద్యగా చూసిన కథ దొరకడం కష్టం. చేనేత మగ్గం గురించి, పొగాకు బ్యారన్ గురించి, బొగ్గుగని గురించి వివరంగా రాసిన భాష ఇది. ఆ చూపు స్టేడియం మెట్ల దాకా రాలేదు. ఇంటర్ హాస్టళ్ళ ఒత్తిడి మీద కథలు వచ్చాయి, రావాల్సినవే. వాటిల్లో పిల్లలు నిద్ర పోగొట్టుకుంటారు, ఇంటిని పోగొట్టుకుంటారు, ఒక్కోసారి ప్రాణమే పోగొట్టుకుంటారు. వాళ్ళు పోగొట్టుకున్నవాటిలో ఖోఖో కూడా ఉందని ఎవరో ఒకరు రాయాలి.

*

హిందీలో వచ్చిన ‘పూర్ణ’ (2017)ని ఇక్కడ తలుచుకోవాలి. కథ మన తెలంగాణదే కాబట్టి, పైగా మిగతా సినిమాలు దాటేసిన చోట ఇది ఆగింది కాబట్టి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన బాలిక. రాహుల్ బోస్ తీసిన ఆ సినిమాలో మంచుకొండ ఎంత ముఖ్యమో గురుకులం అంత ముఖ్యం. పూర్ణకి వరసకి అక్కయ్యే అమ్మాయి, తనతో కలిసి అక్కడ చదవాలని కలగన్నది, పెళ్ళి చేసుకుని ఆగిపోతుంది. ఒకరు కొండెక్కారు, ఒకరు ఎక్కలేదు. తేడా పట్టుదలలో లేదు. ఒకరికి గురుకులం గేటు తెరుచుకుంది, ఇంకొకరికి తెరుచుకోలేదు.

మంచం, అన్నం, తరగతి, శిక్షణ ఒకే ప్రహరీగోడ లోపల ఉంటే పొద్దున స్కూటర్ అక్కర్లేదు, డాక్టరు నాన్న అక్కర్లేదు. హకీంపేట క్రీడా పాఠశాల లాంటి చోట్ల వెనక ఉన్న ఆలోచనా ఇదే. సమతూకం అనేది పిల్ల గుణం కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు. సీబీఎస్‌ఈ వాళ్ళు జాతీయ, అంతర్జాతీయ పోటీలు బోర్డు పరీక్షల తేదీల్లో పడితే ఆ పిల్లలకి వేరే రోజు పరీక్ష పెట్టే పద్ధతి తెచ్చారు. అదీ ఏర్పాటే. అయితే ఆ వీలు జాతీయ స్థాయి నుంచే మొదలవుతుంది. మండలం, జిల్లా, రాష్ట్రం అనే మెట్లెక్కే ఏళ్ళలోనే కదా ఎక్కువమంది జారిపోయేది! పైమెట్టు మీద నిలబడ్డాకే చెయ్యందిస్తాం అనడంలో ‘గెలిస్తే గ్రౌండు మీది’ అన్న షరతే మళ్ళీ వినిపిస్తుంది. సినిమా షరతూ, వ్యవస్థ షరతూ వేరువేరు కాదు. ఒకే ఊహలోంచి పుట్టాయి. అందుకే ఇది సాహిత్య పత్రికలో మాట్లాడుకోవాల్సిన విషయం అంటున్నాను.

ఒక అభ్యంతరం రావచ్చు. రోజువారీ చాకిరీ రాస్తే ఎవరు చదువుతారండీ, ఆటల కథంటే ఉత్కంఠ ఉండాలి కదా అని. నిజమే. ఉత్కంఠ లేకపోతే నేనూ చదవను. కానీ బోర్డు ప్రాక్టికల్సూ స్టేట్ సెలక్షన్సూ ఒకే శుక్రవారం పడితే అంతకంటే ఉత్కంఠ ఏముంది? ల్యాబ్ మేడమ్ బ్యాచ్ మారుస్తుందా లేదా? మార్చినా మధ్యాహ్నం రెండింటి బస్సు దొరుకుతుందా? బ్యాగులో బూట్లు పెట్టుకుంటే రికార్డు బుక్కు పడుతుందా? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదివించగల సరుకు ఇది. పైగా దీనికి ఎవరెస్ట్ దాకా పోనక్కర్లేదు, ఏ జిల్లా కేంద్రమైనా చాలు.

ఇంకో మాట. నేనిక్కడ ఓడిపోయిన వాళ్ళ మీద జాలి కథలు అడగడం లేదు. మన ఆటల సినిమాలు చేసిన పొరపాటునే తిరగేసి చెయ్యడమవుతుంది అది. ఖోఖో ఆడిన ఆ అమ్మాయి జీవితం చెడిపోలేదు. ఉద్యోగం చేస్తోంది, బాగానే ఉంది. ఆమెకి జరిగింది విషాదం అనను. కానీ జరిగిందని అంటాను. ఐదేళ్ళపాటు ఒంటితో నేర్చుకున్న ఒక విద్య ఒకానొక శ్రావణమాసంలో ఆగిపోయింది. అది ఎక్కడా నమోదు కాలేదు. రాష్ట్ర జట్టు సర్టిఫికెట్‌లో లేదు, ఇంటర్ మార్కుల జాబితాలో లేదు. నమోదు చెయ్యడం కథల పని.

కాబట్టి ఆటల మీద రాయబోయే వాళ్ళకి నా విన్నపం చిన్నది. ట్రైనింగ్ పాటని తీసెయ్యండి. ఆ నాలుగు నిమిషాల్లో కరిగిపోయిన నెలల్ని తిరిగి నెలలుగా రాయండి. పొద్దుటి స్కూటర్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బస్సు, గేమ్స్ పీరియడ్ తీసేసుకున్న మంచి మ్యాథ్స్ సారు, అందరినీ రానివ్వండి. ఫైనల్ ఎవరు గెలిచారో చెప్పకపోయినా పర్లేదు. మర్నాడు పొద్దున ఆ పిల్ల లెక్కల పరీక్ష ఎలా రాసిందో చెప్పండి.